దుప్పటి కొండకు ప్రయాణం

ఆ కొండ పుట్టింది ఇస్త్రీ బల్ల మీద. పుట్టించాలని ఎవరూ అనుకోలేదు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ఉతికి ఆరిన తెల్ల దుప్పటి ఒకటి బల్ల మీద కుప్పగా పడి ఉంది. పక్క కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి దాని మీద వాలింది. ఒకవైపు మడతలన్నీ ధగధగలాడుతున్నాయి, రెండోవైపు నీలంగా నీడ. లాండ్రీ అక్క మరకల మందు సీసా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, సొరుగులోంచి కెమెరా తీసింది. గడ్డం బల్లకి ఆనించి ఒక కన్ను మూసి చూసింది. ఇంకేముంది, ఎదురుగా మంచు కొండ! శిఖరం, లోయ, ఆ లోయలోకి దిగే సన్నటి చీలిక, ఏదీ తక్కువ లేదు. టక్కున నొక్కేసింది. ఆ తర్వాత దుప్పటిని శుభ్రంగా మడిచి, కాగితం చుట్టి, పళ్ళ డాక్టరు గారింటికి పంపేసింది. దుప్పటి ఆయనదే మరి.

ఇంతవరకూ తప్పేమీ లేదు. ఫొటో తీయడం తప్పు కాదు, దుప్పటి మడవడం అంతకంటే కాదు. జరిగిన తప్పంతా ఆదివారం జరిగింది.

దానికి ముందు ఆవిడ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ముందు గది దుకాణం, వెనక గదిలో ఉతికే యంత్రాలు, మేడ మీద కాపురం. ఇస్త్రీ భర్త పని, మరకలు ఆవిడ పని. సిరా కానివ్వండి, నూనె కానివ్వండి, తుప్పు కానివ్వండి, ఆవిడ చేతిలో పడ్డ మరక ఏదీ బతికి బట్టకట్టలేదు. వీధి మొత్తానికి ఆవిడ లాండ్రీ అక్క. తెల్లజుట్టు ముసలాయన కూడా "అక్కా, నా చొక్కా అయిందా?" అనే అడుగుతాడు. ఇంత పేరున్న మనిషి ఆ నాలుగు వీధులు దాటి ఎరగదంటే నమ్మాలి. ఎవరి బట్టలు వాళ్ళకి రేపటికల్లా కావాలి, ఆ రేపు ఏ రోజూ రాకుండా ఉండదు. ఊళ్ళు తిరిగేవాళ్ళ బట్టలు మాత్రం ఆవిడ చేతుల మీదుగా వెళ్ళి, ఆవిడ చేతుల మీదుగానే తిరిగొచ్చేవి. ప్యాంటు మడతల్లో సముద్రపు ఇసుక, కోటు జేబుల్లో రైలు టికెట్టు ముక్కలు. ఆ ఇసుకని ఆవిడ వెంటనే ఊడ్చేసేది కాదు. అరచేతిలో పోసుకుని కాసేపు చూసి, అప్పుడు పారబోసేది.

చెల్లెలు కొత్త కెమెరా కొనుక్కుని పాతది అక్కకి ఇచ్చింది. అప్పటినుంచి సబ్బు నురగ, గుండీల డబ్బా, తడి నేల మీద దీపం వెలుగు, ఏది కనబడితే అది తీసేది. ఒకరోజు లెక్కల టీచరమ్మ చీర తీసుకోవడానికి వచ్చి అవి చూసి, "మీరు మా ఆదివారం కూటానికి రావాల్సిందే," అని పట్టుబట్టి లాక్కెళ్ళింది.

ఆ ఆదివారం కూటం పళ్ళ డాక్టరు గారి ఆస్పత్రి ముందు గదిలో. రోగులు కూర్చునే కుర్చీల్లో వీళ్ళు కూర్చుంటారు. గోడకి వేలాడే పెద్ద పన్ను బొమ్మ దింపి, అక్కడ ఫొటోలు వేసుకుని చూస్తారు. డాక్టరు గారివి ఆయన తిరిగొచ్చిన ఊళ్ళ ఫొటోలు. టీచరమ్మవి నీడలు: కుర్చీ నీడ, సైకిలు నీడ, ఎవరిదో ముక్కు నీడ. బస్సు డ్రైవరువి బస్సు అద్దంలోంచి తీసిన ఫొటోలు. ఒకే రూటు మీద ఏళ్ళ తరబడి బండి తోలుతున్న మనిషి కాబట్టి ఆయన ఫొటోలన్నిటిలో ఒకటే రోడ్డు. వాన రోడ్డు, ఎండ రోడ్డు, కుక్క అడ్డం పడుకున్న రోడ్డు. అవంటే ఆయనకి ప్రాణం. ఆగినప్పుడు మాత్రమే తీశానని ప్రతిసారీ ఒట్టేసి మరీ చెప్పేవాడు.

కూటానికి ఒకే ఒక్క రూలు. పెట్టింది టీచరమ్మ. ఫొటో గోడ మీద పడ్డాక తీసినవాళ్ళు నోరు విప్పకూడదు. మిగతావాళ్ళు తమకేం కనబడిందో చెప్పాక, అందరూ అయిపోయాక, అప్పుడే వాళ్ళ వంతు. ముందే వాళ్ళు చెప్పేస్తే మనం ఫొటో చూడం, వాళ్ళ మాటే చూస్తాం అని ఆవిడ వాదన. వాదన బాగానే ఉంది. కొంప ముంచింది కూడా అదే.

ఆ ఆదివారం గోడ మీద దుప్పటి పడింది. లాండ్రీ అక్క రూలు ప్రకారం పెదాలు బిగించుకుని కూర్చుంది. కాసేపట్లో ఎవరో ఒకరు 'ఇది గుడ్డ కదూ' అంటారు, అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతుంది. ఆవిడ ఊహించుకున్నది ఇంతే.

"అబ్బా, ఏం కొండ!" అన్నాడు డ్రైవరు, కుర్చీలోంచి సగం లేచి. "అక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో! హారనుండదు, బ్రేకుండదు, చిల్లర గొడవుండదు."

"వెలుగు పక్కనుంచి పడుతోంది చూడండి," అంది టీచరమ్మ. "తెల్లారగట్ల తీసి ఉంటారు. ఆ చలిలో అప్పుడు లేవడమంటే మాటలు కాదు."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గోడ దగ్గరికంటా వెళ్ళి చూశారు. "ఈ కొండ నేను చూశాను," అన్నారు.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"ఒట్టు. ఈ చీలిక ఉందే, ఇది నాకు బాగా తెలుసు. ఎన్నిసార్లు చూశానో! చదువుకునే రోజుల్లో ఉత్తరం వైపు వెళ్ళాం, అక్కడిదే ఇది. సందేహం లేదు."

లాండ్రీ అక్క గోడ మీది దుప్పటినీ డాక్టరు గారినీ మార్చి మార్చి చూసింది. పాపం, డాక్టరు గారు అబద్ధమాడలేదు. ఆయన రోజూ దాని మీదే పడుకుంటారు. ఆ చీలిక దుప్పటి చిరిగితే ఆయన భార్య వేసిన కుట్టు.

"ఇక మీరు చెప్పండక్కా," అంది టీచరమ్మ.

గదిలో ఉన్న కళ్ళన్నీ ఆవిడ మీదే ఉన్నాయి. దుకాణానికి వచ్చేవాళ్ళు బట్టల వంక చూస్తారు, మరక వంక చూస్తారు, గడియారం వంక చూస్తారు. ఇలా మొహంలోకి, ఏం చెబుతుందా అని, ఎవరు చూశారు కనుక? ఆవిడ నోరు తెరిచింది. నిజం చెబుదామనే తెరిచింది.

"చాలా చలిగా ఉండింది," అంది.

చప్పట్లు మారుమోగాయి.

ఆ దుకాణం ఒక్కరోజు కూడా మూయలేదని వీధిలో కుక్కలకి కూడా తెలుసు. మరి ఈవిడ కొండకి ఎప్పుడు వెళ్ళింది, ఎలా వెళ్ళింది అని ఎవరికైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. మంచి ఫొటో కళ్ళ ముందుంటే లెక్కలు కట్టే ఓపిక ఎవరికీ ఉండదు, లెక్కల టీచరుకైనా సరే.

ఇంటికి వచ్చి భర్తకి చెప్పింది. ఆయన చొక్కా కాలర్ మీంచి ఇస్త్రీ పెట్టె ఎత్తి విన్నాడు. "ఇంతకీ ఆ కొండ ఎక్కడుందని చెప్పావు?"

"నేనేం చెప్పలేదు. ఉత్తరం వైపని డాక్టరు గారే అన్నారు."

"ఆయన దుప్పటికి ఆయనే దారి చెప్పాడన్నమాట!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చొక్కా మాడకుండా ఇస్త్రీ పెట్టె ముందే పక్కన పెట్టాడు కాబట్టి సరిపోయింది. "వచ్చే ఆదివారం చెప్పెయ్. లేకపోతే తెలిసిన రోజున నిన్ను ఉతికి ఆరేస్తారు."

వచ్చే ఆదివారం ఆవిడ చెప్పలేదు. ఆవిరి ఫొటో తీసుకెళ్ళింది. ఇస్త్రీ ఆవిరి, వెనక తువ్వాళ్ళ దొంతర. కొండ దిగువన పొగమంచులో ఊరు అన్నారు అందరూ. ఆ పై వారం గుండీల ఫొటో. కొండ కింద పారే ఏటి ఒడ్డున గులకరాళ్ళు అన్నారు. ఆవిడ కాదనలేదు, ఔననలేదు. కొంచెం నవ్వి తల దించుకునేది. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. చూస్తూ చూస్తూ ఆ నాలుగు కుర్చీల మధ్య ఒక కొండ, ఊరు, ఏరు లేచి నిలబడ్డాయి. ఆదివారం వస్తోందంటే శుక్రవారం నుంచే ఆవిడ మొహంలో కళ వచ్చేది. భర్త ఆటపట్టించడం మానేశాడు. అది చూసే ఆవిడకి భయం మొదలైంది.

డ్రైవరు ఆ కొండ ఫొటో కాపీ ఒకటి వేయించుకున్నాడు. స్టీరింగు పక్కన అంటించాడు. ఇంకొకటి ఇంట్లో అద్దానికి అంటించాడు. ఒక ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చుని, అందరూ వచ్చేదాకా ఆగి, లేచి నిలబడ్డాడు.

"నేను లీవు పెట్టాను," అన్నాడు.

ఆయన లీవు పెట్టడమంటే వింతే. జ్వరమొచ్చినా బస్సెక్కే మనిషి.

"పెళ్ళయినప్పటినుంచి మా ఆవిడని ఎక్కడికైనా తీసుకెళ్తానని అంటూనే ఉన్నాను. ఎక్కడికని అడిగితే నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా నా రూటు. ఇప్పుడు చెప్పాను. పెళ్ళిరోజుకి లాండ్రీ అక్క కొండకి పోదామని. మీరందరూ కూడా రావాలి. వ్యాను నేను మాట్లాడాను, నేనే తోలుతాను. దారి డాక్టరు గారికి తెలుసు."

"తెలియకేం!" అన్నారు డాక్టరు గారు. "ఉత్తరం రోడ్డు పట్టుకుంటే అదే కనబడుతుంది."

లాండ్రీ అక్క కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. "తమ్ముడూ, ఆ కొండ నిజానికి..."

"తెలుసక్కా, ఎక్కడం కష్టం. మేం ఎక్కం. కింద నుంచి చూస్తాం. చూస్తే చాలు."

మర్నాడు టీచరమ్మకి ఫోన్ చేసింది. "ఆ కొండ ఫొటో గురించి మీకొకటి చెప్పాలి," అని మొదలుపెట్టిందో లేదో, "వద్దు వద్దు! ఇప్పుడేం చెప్పకండి. అక్కడికెళ్ళి మా కళ్ళతో చూశాకే చెప్పాలి. రూలు రూలే!" అని టీచరమ్మ ఫోన్ పెట్టేసింది. ఇక నేరుగా డ్రైవరుకే చెప్పేద్దామని లాండ్రీ అక్క గట్టిగా అనుకుంది. అనుకున్న సాయంత్రమే డ్రైవరు, ఆయన భార్య దుకాణానికి వచ్చారు. ఆవిడ సంచి బోర్లిస్తే బల్ల మీద స్వెట్టర్లు పడ్డాయి. డాక్టరు గారికి బూడిద రంగు, టీచరమ్మకి ఎరుపు, లాండ్రీ అక్కకి ఆకుపచ్చ.

"మీ కొలత తెలీదు వదినా, ఉజ్జాయింపుగా అల్లేశాను. అక్కడ చాలా చలిగా ఉంటుందన్నారటగా!"

డ్రైవరు తనకి తమ్ముడైతే ఆయన భార్యకి తను వదినే. వరస కలుపుకుని ప్రేమగా అల్లుకొచ్చిన స్వెట్టరు చేతిలో పెడితే ఎవరైనా ఏం మాట్లాడతారు? లాండ్రీ అక్క తొడుక్కుని చూపించింది. అతికినట్టు సరిపోయింది. అదే ఆవిడకి ఏడుపొచ్చినంత పని చేసింది.

వాళ్ళు వెళ్ళాక భర్త పక్కన కూర్చున్నాడు. ఈసారి నవ్వలేదు. "చెప్పకపోతే ఏమవుతుంది?"

"లేని కొండ కోసం ఉత్తరమంతా వెతుకుతారు. ఆ పిల్ల పెళ్ళిరోజు రోడ్డు మీద గడిచిపోతుంది."

"చెబితే?"

"నన్ను మళ్ళీ రానివ్వరు." ఒంటి మీది స్వెట్టరు విప్పి మడిచింది. "ఆదివారాలు పోతాయండీ. మళ్ళీ నేనూ, ఈ మరకలూ."

ఆయన వెనక గది వైపు తల ఊపాడు. "ఆ దుప్పటి మళ్ళీ ఉతకడానికి వచ్చింది," అన్నాడు. "ఇంకా మడవలేదు."

ప్రయాణం రోజు పొద్దున్న వ్యాను వచ్చి దుకాణం ముందు ఆగింది. డ్రైవరు యూనిఫారం లేకుండా కొత్త చొక్కా వేసుకుని, మొహంలో ఏనుగెక్కినంత సంబరంతో దిగాడు. డాక్టరు గారు అప్పుడే స్వెట్టరు తొడిగేసుకుని చెమటలు కక్కుతున్నారు. టీచరమ్మ మెడలో రెండు కెమెరాలు. డ్రైవరు భార్య కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వకుండా సంచి పెట్టి మరీ దిగింది.

"అందరూ ఒక్క నిమిషం లోపలికి రండి," అంది లాండ్రీ అక్క. "టీ తాగి వెళ్దాం."

టీ ఎక్కడా లేదు. ఇస్త్రీ బల్ల ఉంది. దాని మీద మడవని తెల్ల దుప్పటి ఉంది. లాండ్రీ అక్క దాన్ని విదిలించి బల్ల మీద కుప్పగా వదిలింది. ఒకచోట కొస పట్టుకుని పైకి లాగింది, ఇంకోచోట మోచేత్తో నొక్కింది. భర్త కిటికీ తెర పక్కకి లాగాడు. అందరూ టీ కోసం చూస్తున్నారు. ఆవిడ బల్ల ముందు నుంచి పక్కకి జరిగింది.

మొదట కనుక్కున్నది డ్రైవరు భార్య. రోజూ తల దువ్వుకుంటూ ఆ అద్దం మీద ఆ ఫొటోనే చూస్తోంది కదా. ముందుకొచ్చి వంగి, తల పక్కకి వాల్చి చూసింది.

"ఏమండీ," అంది మొగుడితో. "ఇదే కదా అది?"

"ఏది?"

"మన కొండ!"

డ్రైవరు వంగాడు. టీచరమ్మ వంగింది. డాక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని బల్ల అంచుకి గడ్డం ఆనించారు.

"ఇదే," అంది లాండ్రీ అక్క. "నేను ఏ కొండకీ వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. పొగమంచు ఇస్త్రీ ఆవిరి. గులకరాళ్ళు గుండీలు. ఆ రోజు చెబుదామనే నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. మీరందరూ అలా చూస్తుంటే బాగుంది. అందుకని చెప్పలేదు. తప్పు నాదే."

డాక్టరు గారు వేలు చాచి ఆ చీలికని తడిమారు. తడుముతూ తడుముతూ ఆగిపోయారు. "ఈ కుట్టు..." అన్నారు నెమ్మదిగా. "ఇది మా ఆవిడ కుట్టు. ఇది మా దుప్పటి!"

"డాక్టరు గారూ," అంది టీచరమ్మ. "ఈ కొండ చూశానని ఒట్టేశారు మీరు."

"చూశాను కదండీ! రోజూ చూస్తున్నాను!" ఆయన మొహం స్వెట్టరులో ఉడికి అప్పటికే ఎర్రగా ఉంది, ఇంకా ఎర్రబడింది. "నిజంగా తెలిసినట్టే అనిపించింది. ఎక్కడ చూశానో గుర్తు రాలేదంతే. ఉత్తరం అన్నది మాత్రం... అది నేనే కలిపాను."

లాండ్రీ అక్క భర్త వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. డ్రైవరు మాత్రం నవ్వలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా బయటికెళ్ళి వ్యానులో తన సీట్లో కూర్చున్నాడు.

లాండ్రీ అక్క వెనకాలే వెళ్ళింది. అవతలి తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. ఆయన స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు. బండి ఆగే ఉంది.

"తమ్ముడూ, నన్ను తిట్టు."

"తిట్టడానికి ఏముందక్కా." బొటనవేలితో స్టీరింగు రుద్దాడు. "సిగ్నల్లో ఆగినప్పుడల్లా దాన్ని చూసేవాణ్ణి. వెనక ఎవడు అరిచినా కోపం వచ్చేది కాదు. నేనొక చోటికి వెళ్ళబోతున్నాను, నీకేం తెలుసురా అనుకునేవాణ్ణి. దుప్పటని నాకెందుకు చెప్పలేదు? నాకొక్కడికైనా చెప్పాల్సింది."

"చెబితే మీరు నన్ను ఇక రానివ్వరనుకున్నాను. ఊళ్ళో అందరి బట్టలూ నాకు తెలుసు. నేనెవరికి తెలుసు చెప్పు? ఆదివారం ఒక్కరోజే నేను మనిషినన్నట్టు ఉండేది. అది పోతుందని భయపడ్డాను. అంతకంటే ఇంకేం లేదు."

డ్రైవరు తల తిప్పి ఆవిడని చూశాడు. స్వెట్టరు తొడుక్కుని ఉంది. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకుంది.

"అక్కా," అన్నాడు, "టికెట్టు లేనివాణ్ణి కూడా నేను ఎప్పుడూ నడిరోడ్డు మీద దింపలేదు. నిన్ను దింపుతానా?"

లాండ్రీ అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. కొంగుతో తుడుచుకుంటుంటే డ్రైవరు ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలెట్టాడు. "డాక్టరు గారి దుప్పటా! దాన్ని పట్టుకుని, ప్రశాంతంగా ఉంటుందన్నాను కదా నేను! ఆయన గురక పెట్టే దుప్పటిని!" ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతుంటే హారను మోగింది. ఆ మోతకి లోపలున్న వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు.

డ్రైవరు భార్య వచ్చి కిటికీలోంచి తల పెట్టింది. "వదినా, అయితే మీరు కూడా ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదా?"

"లేదమ్మాయ్."

"నేనూ అంతే!" అంది ఆ పిల్ల, తోడు దొరికినంత సంతోషంగా. "అందరిలో నాకొక్కదానికే ఏమీ తెలీదని నిన్నంతా బెంగపడ్డాను. మరి ఇంకా నిలబడతారేంటి? లీవు పెట్టేశారు, స్వెట్టర్లు వేసుకున్నాం. ఎక్కండి అందరూ!"

"ఎక్కడికి?" అన్నారు డాక్టరు గారు.

"ఏమో! ఎక్కడికైనా."

టీచరమ్మ మెడలో కెమెరాలు సర్దుకుని ఎక్కింది. లాండ్రీ అక్క భర్త మామూలుగా అయితే దుకాణం చూసుకుంటూ ఉండిపోవాల్సిన మనిషి. కొండ ఇంట్లోనే ఉండగా నేనెక్కడికి వస్తాను అని వారం నుంచీ అంటున్నాడు. ఇప్పుడు గబగబా షట్టరు దించి, తాళం వేసి వచ్చి వెనక సీట్లో కూలబడ్డాడు.

"ఎక్కడికో తెలియని ప్రయాణమైతే నేనూ వస్తాను," అన్నాడు.

"బావగారూ, మరి రేపటి బట్టలో?" అన్నాడు డ్రైవరు.

"ఒక్కరోజు ముడతలతో తిరగనీ వెధవల్ని."

వ్యాను కదిలింది. కదిలి వీధి చివర కుడికి తిరిగింది, పెద్ద రోడ్డెక్కింది, కాస్త దూరం వెళ్ళి ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలీలేదు. ఎదురుగా బస్టాపు. డ్రైవరు అలవాటు కొద్దీ తన రూటులోకి వెళ్ళి, తన స్టాపులో ఆపేశాడు. చేతిసంచితో ఒక ముసలావిడ అప్పటికే తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టేసింది.

"మార్కెట్టుకి పోతుందా బాబూ?"

డ్రైవరు భార్య తల కొట్టుకుంది. "ఏమండీ! ఇది మీ బస్సు కాదు!"

"ఎక్కించుకో తమ్ముడూ," అంది లాండ్రీ అక్క. ముసలావిడని మార్కెట్టు దగ్గర దింపారు. దిగుతూ ఆవిడ, "ఈ ఎండలో స్వెట్టర్లేంటి మీకు? ఒంట్లో బాగోలేదా?" అని అందరినీ పరామర్శించి మరీ వెళ్ళింది. అప్పుడు డాక్టరు గారు మొట్టమొదట స్వెట్టరు విప్పారు.

మార్కెట్టు దాటాక డ్రైవరు రూటు అయిపోయింది. అక్కడినుంచి బస్సు వెనక్కి తిరగాలి. రోడ్డు మాత్రం ముందుకే వెళ్తోంది. ఇళ్ళు తగ్గాయి, గోడలు తగ్గాయి. లాండ్రీ అక్క ముందు సీట్లో కూర్చుని అద్దం కిందికి దింపింది. ఒడిలో కెమెరా ఉంది, దాని సంగతే మర్చిపోయింది. ఈ ప్రయాణం అనుకున్నప్పటినుంచీ ఆ కొండ గురించి ఎవరేం అడిగినా ఆచి తూచి జవాబు చెప్పాల్సి వచ్చేది. చలి ఎంత, దారి ఎలా ఉంటుంది, ఏటిలో నీళ్ళు లోతా? ఒక మాటకి ఇంకో మాట అతుకు పడుతుందో లేదో చూసుకోవాలి. అలా చూసుకుని చూసుకుని ఆవిడ అలిసిపోయింది.

రోడ్డు రెండుగా చీలింది. డ్రైవరు బండి ఆపాడు. ఎడమకి వెళ్ళేది చెట్ల మధ్యలోంచి, కుడికి వెళ్ళేది ఒక మిట్ట ఎక్కి అవతలికి. రెండూ ఎక్కడికి పోతాయో రాసిన బోర్డు ఏదీ లేదు. వెనకనుంచి డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. టీచరమ్మ ఆయన చేయి పట్టుకుని ఆపింది.

"అక్కా," అన్నాడు డ్రైవరు, "ఎటు?"

లాండ్రీ అక్క ఎడమకి చూసింది, కుడికి చూసింది.

"ఏమో తమ్ముడూ. నాకు తెలీదు. నేనెప్పుడూ ఇటు రాలేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఒళ్ళంతా తేలికైపోయింది. తల తిప్పి చూస్తే అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు, ఆ ఆదివారం చూసినట్టే.

"వినబడలేదక్కా," అన్నాడు డ్రైవరు, నవ్వు ఆపుకుంటూ.

"నాకు తెలీదు!" అని గట్టిగా అరిచింది లాండ్రీ అక్క. "ఎక్కడికి పోతుందో నాకు అస్సలు తెలీదు!"

వ్యానంతా గొల్లుమంది. డ్రైవరు గేరు మార్చి మిట్ట వైపు తిప్పాడు.